నెమలికి మన చిప్స్ ప్యాకెట్ వద్దు



జులైలో మన సెకండ్ క్లాస్ పిల్లలకు ఈవీఎస్‌లో ‘అడవి జంతువులు బతకాలంటే ఏం కావాలి?’ అనే పాఠం చెప్పాను. వర్క్‌షీట్‌లో నాలుగు గడులు. ఆహారం, నీళ్లు, గూడు అని మూడు గడులు అందరూ టకటకా నింపేశారు. నాలుగోది చాలామంది ఖాళీగా వదిలేశారు. ఒకరిద్దరు ‘జూ’ అని రాశారు. నేను ‘చోటు’ అని బోర్డు మీద రాసి, కాపీ చేయించి, టిక్కులు పెట్టేశాను. పాఠం అయిపోయిందనుకున్నాను.

ఆ శనివారం పిల్లల్ని తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్లిన సంగతి మీకు తెలుసు. నేను బీఈడీ చదివింది అక్కడే. వానాకాలంలో నెమలి అరుపులకు మెలకువ వచ్చిన రోజులు నాకింకా గుర్తే. తార్నాక ట్రాఫిక్‌లో పెరిగే పిల్లలకు మాత్రం, ఇంత దగ్గరలో నెమళ్లున్నాయంటే నమ్మకం కుదరలేదు.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు ఫోటో దిగి, చెట్ల వైపు నడిచాం. ఒక ఆడ నెమలి కనిపించింది. మనవాడొకడు చిప్స్ విసిరాడు. అది దగ్గరికొచ్చి తింది. పిల్లలంతా చప్పట్లు! నేను వీడియో తీసి క్లాస్ గ్రూప్‌లో పెట్టాను. మీరు హార్ట్‌లు పెట్టారు. నాకూ సంతోషమేసింది.

అక్కడ ఆకులు ఊడుస్తున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. “టీచరమ్మా, గిట్ల అలవాటు చేస్తే అవి మనుషులకు భయపడయి. రోడ్డు మీదికొస్తయి. బండ్లున్నయి, కుక్కలున్నయి. మీరు పోతరు, అవి ఈడనే బతకాలె గద” అన్నాడు.

ఆ రాత్రి వీడియో తీసేశాను. ఎందుకు తీసేశారని మీలో కొందరు అడిగారు. కారణం ఇదే.

సోమవారం క్లాసులో “టీచర్ ఒక తప్పు చేసింది” అని మొదలుపెట్టాను. చిప్స్ విసిరిన బాబు కళ్లలో నీళ్లు తిరిగాయి. “నీ తప్పు కాదు నాన్నా, ఆపాల్సింది నేను” అన్నాను. తర్వాత పాఠం మళ్లీ చెప్పుకున్నాం. నెమలి గింజలు, పురుగులు, బల్లులు, చిన్న పాముల్ని కూడా తింటుంది. రాత్రి ఎత్తైన చెట్టెక్కి పడుకుంటుంది. కానీ గుడ్లు పెట్టేది చెట్టు మీద కాదు, నేల మీదే. పొదల చాటున చిన్న గుంత చేసుకుని, దాదాపు 28 రోజులు పొదుగుతుంది.

వెంటనే ఆ బాబే అడిగాడు: “టీచర్, పొదలు కొట్టేస్తే గుడ్లు ఎక్కడ పెడుతుంది?”

నా దగ్గర జవాబు లేదు. మనం ‘పిచ్చి మొక్కలు, క్లీన్ చేయించాలి’ అనుకునేదే దానికి పురిటిగది. 1963లో నెమలిని జాతీయ పక్షిగా ప్రకటించారని జీకేలో బట్టీ పట్టిస్తాం. దానికి ఒక పొద మిగలాలని మాత్రం చెప్పం.

ఆగస్టులో ఒక ఆదివారం కొందరు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలతో మళ్లీ వెళ్లాం. ఈసారి చేతిలో తినే ప్యాకెట్ లేదు. పాముల గురించి మీలో కొందరు భయపడ్డారు, అది న్యాయమైన భయమే. అందుకే పొదల్లోకి వెళ్లలేదు, దారి మీదే నిలబడ్డాం. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మన సెకండ్ క్లాస్ పిల్లలు! చివరికి ఒక తల్లి నెమలి మూడు పిల్లలతో బయటికొచ్చింది. కాళ్లతో ఆకులు గీరి, పురుగులు చూపిస్తూ పోయింది. అది మా వైపు రాలేదు. మేమూ పిలవలేదు.

ఆ వారం అదే వర్క్‌షీట్ మళ్లీ ఇచ్చాను. ఈసారి బోర్డు మీద ఏమీ రాయలేదు. ఆ బాబు నాలుగో గడిలో ఒక పొద బొమ్మ వేసి, పక్కన ఇలా రాశాడు: ‘మనం కొంచెం దూరంగా ఉండాలి.’

మీకు నాదొక చిన్న విన్నపం. ఈసారి పిల్లలతో క్యాంపస్‌కో, పార్కుకో వెళ్తే ప్యాకెట్ బ్యాగులోనే ఉంచండి. కాసేపు నిలబడి చూడనివ్వండి. వచ్చాక ‘ఏం పెట్టావు?’ అని కాకుండా ‘అది ఏం చేస్తోంది?’ అని అడగండి.

మీ పిల్లల
ఈవీఎస్ టీచర్