చూపించింది కానీ ఇవ్వలేదు

2024 జులై 8, సోమవారం

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వాన. స్కైవాక్ మీద జనం కదలట్లేదు. పైథాన్ బ్యాచ్‌లో సగం మందే వచ్చారు. మంచిదే, ఒక్క విషయం మీదే కూర్చోవచ్చు.

నాచారం ఐడీఏలో ఓ చిన్న ఫ్యాక్టరీలో జీతాల లెక్కలు చూసే అమ్మాయి తన పని మీదే ప్రోగ్రామ్ రాసుకొచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు దాటితే ఓవర్‌టైమ్ (ఓటీ), రెట్టింపు రేటు. గంటకు 65 రూపాయలు, మనిషి 11 గంటలు చేశాడు. ఫంక్షన్‌కు తెలుగు లిపిలోనే ‘ఓటీ’ అని పేరు పెట్టింది. పైథాన్ 3 ఒప్పుకుంటుంది. డెఫ్, రిటర్న్ మాత్రం ఇంగ్లిషులోనే కొట్టాలి. రన్ చేస్తే 260 పడింది. మామూలు కూలి 585కి దాన్ని కలపబోతే టైప్ ఎర్రర్.

“260 కండ్ల ముందట కనవడుతుంది గద సార్, మళ్ల లేదంటదేంది?”

లోపల ప్రింట్ ఉంది, రిటర్న్ లేదు. ప్రింట్ మనకు చూపిస్తుంది, అంతే. పిలిచిన లైను చేతిలో ఏమీ పెట్టదు. రేషన్ షాపు బోర్డు మీద బియ్యమని రాసి ఉంటే సంచిలో పడ్డట్టా? రిటర్న్ లేని ఫంక్షన్ నుంచి వచ్చేది నన్ (None), అంటే ‘ఏమీ లేదు’. 585కి నన్ ఎలా కలుస్తుంది! ప్రింట్ తీసి రిటర్న్ పెట్టింది, 845 వచ్చింది.

జులై 10, బుధవారం

ఒకబ్బాయి పేర్ల జాబితాను సార్ట్ చేసి, వచ్చినదాన్ని మళ్లీ అదే పేరుకు ఇచ్చాడు. జాబితా మాయం. సార్ట్ ఉన్న జాబితానే సర్ది, నన్ ఇస్తుంది. పాతది అలాగే ఉందని ఎవరూ అనుకోకూడదని కావాలనే అలా పెట్టారు. కొత్త జాబితా కావాలంటే సార్టెడ్.

జులై 12, శుక్రవారం

నెల మొత్తం కూడాల్సిన ఫంక్షన్ ఒకటో తారీఖు ఓటీ ఒక్కటే ఇస్తోంది. రిటర్న్ లూపు లోపల ఉంది. అది తగిలిందంటే ఫంక్షన్ అక్కడితో సరి. నాలుగు స్పేసులు వెనక్కి జరిపితే ఆ తప్పు పోయింది.

జులై 15, సోమవారం

నాచారం అమ్మాయి కూలి, ఓటీ రెండూ ఒకే రిటర్న్‌లో కామా పెట్టి పంపుతోందిప్పుడు. పైథాన్ వాటిని టపుల్‌గా కట్టి ఇస్తుంది, ఇవతల రెండు పేర్లు పెట్టి విప్పుకోవచ్చు. 9 గంటల్లోపు చేసినవాళ్లకు ఓటీ 0 పంపమన్నాను. మరి కార్డు పంచ్ కాని రోజు సంగతో? అదీ సున్నాయేనని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

“సున్నా ఎట్లయితది? చేసిండో లేదో మనకే తెల్వది. నన్ పోనియ్యండి సార్. ఎర్రర్ కొడితె సూపర్‌వైజర్‌ని అడుగుత.”

సరైన మాట. సున్నా పంపితే ఎర్రరేమీ రాకుండా మొత్తం తేలిపోతుంది, ఆ మనిషికి ఒకరోజు కూలి పోతుంది. నన్ వస్తే రెండు పేర్లకు విప్పబోయిన లైను దగ్గరే ప్రోగ్రామ్ ఆగుతుంది. ఆ షరతును ఫంక్షన్ మొదట్లోనే రాయించాను: గంటలు నన్ అయితే అక్కడే రిటర్న్, లెక్కంతా దాని కింద.