బండిలోని మందులపెట్టె

ఆదివారము తెల్లవాఱినది మొదలు మా ఇబ్రహీంపట్నము మీదుగా సాగరు రోడ్డున జీపులు పోవుచుండును. హైదరాబాదునుండి వచ్చువారు కొందఱు, మా ఊరివారే కొందఱు, మంచాల దాటి రాచకొండ గుట్టలలోనికి, బాట యన్నది లేని తావులకు బండ్లు తోలుకొని పోవుదురు. నాలుగు చక్రములకును ఇంజను బలము చేరునట్టి బండ్లగుటచే రాళ్లనక వాగులనక ఎక్కి దిగును. ఇది మొదట పడుచువాండ్ర వినోదముగ మాత్రమే యుండెను. ఇప్పుడట్లు గాదు. పసిపిల్లలతోడను, అత్తగార్లతోడను, పులిహోర గిన్నెలతోడను కుటుంబములు కుటుంబములే కదలుచున్నవి. మా ఇంట తోడికోడండ్రము ముగ్గురము. ఏటికి నాలుగైదు పర్యాయములైన మేమును ఆ గుట్టలకు పోవుచుందుము. రేచర్ల పద్మనాయకులు పదునాలుగవ శతాబ్దమున రాజధానిగ జేసికొని యేలిన కొండ యది. ఆ కోటగోడల సొంపును గుఱించి వ్రాయువారు వేఱ కలరు. మేము వ్రాయబూనినది బండిలో నుండవలసిన మందులపెట్టెను గుఱించి.

క్రొత్త బండి కొన్నప్పుడు అమ్మినవారు చిన్న పెట్టె నొకదానిని దానితోపాటు ఇచ్చుచుందురు. సోదరీమణులారా, మీ బండిలోని ఆ పెట్టెను ఎన్నడైన తెఱచి చూచితిరా? మా ఇరుగుపొరుగు స్త్రీలను అడిగి చూచితిమి. అందేమున్నదో చెప్పగలిగినవారు లేరు. ఎక్కడున్నదో యెఱిగినవారు గూడ తక్కువ. “అది మా ఆయనకే తెలుసు” అను మాటయే పలుమాఱు వినబడెను. బండి నడుపు మనిషికే దెబ్బ తగిలినచో ఆ పెట్టె యెవరికి? గుట్టలలో ముందుగ దిగి రాళ్లు సర్దువాడు అతడే, బురదలో దిగబడిన బండికి ఇనుపత్రాడు తగిలించి లాగువాడు అతడే, చేయి నలిగించుకొనువాడును తఱచుగ అతడే. కావున పెట్టెను నింపువారు ఇంటి స్త్రీలే యగుట మేలని మా తలంపు. నింపినవారికే కదా ఏది యెక్కడున్నదో తెలియునది!

పెట్టెలో నేమి యుంచవలెనని యోచించుటకు ముందు, ఆసుపత్రి యెంత దూరమని యోచింపవలెను. ఊరిలో వేలు తెగినచో పది నిమిషములలో వైద్యుని యొద్ద నుందుము. గుట్టలలో, రాతిబాటపై, నాలుగు మైళ్లకు గంట పట్టిన దినములు కలవు. ఆ గంటను దాటించుటకే పెట్టె. రోగము కుదుర్చుటకు గాదు. ఈ సంగతి మనస్సున నుండినచో సగము మాత్రలు పెట్టెలోనుండి దిగిపోవును, వాని చోటికి గుడ్డ వచ్చి చేరును.

అవును, గుడ్డయే ముఖ్యము. నెత్తురు కాఱుచున్నప్పుడు శుభ్రమైన గాజుగుడ్డ మడత నుంచి అరచేతితో గట్టిగ అదిమి పట్టవలెను. ఆగినదా లేదా యని క్షణమునకొకమాఱు తీసి చూడరాదు. పది నిమిషములు గడియారము చూచి పట్టవలెను. తడిసినచో దానిమీదనే మఱియొకటి వేయవలెను. ఇందులకై అంగడిలో సీలు వేసి యమ్ము గాజుగుడ్డలు పెద్దవి పదియైన నుంచుకొనుడు. చుట్టుపట్టీలు నాలుగు, సాగెడు క్రేపు పట్టీలు రెండు, అంటుకొను ప్లాస్టరు చుట్ట యొకటి కావలెను. చిన్న గాయములకు వాడు అంటుపట్టీ కథ మీకు తెలియునో తెలియదో! అమెరికాలో ఎర్ల్ డిక్సన్ అను నాతని భార్య వంటయింట తఱచు వ్రేళ్లు కోసికొనుచు, కాల్చికొనుచు నుండెడిదట. ఆమె ఒంటిగ నున్నప్పుడు గూడ తానే వేసికొనుటకు వీలుగ 1920లో అతడు దానిని కల్పించెను. లోకమంతట వాడు సాధనమునకు మూలము ఒక యిల్లాలి కూరగాయల కత్తి.

త్రికోణపు కట్టుగుడ్డను మాత్రము కొననక్కఱలేదు. పాత నేతచీర పన్నా యెంతయో అంత పొడవు కత్తిరించినచో చదరపు గుడ్డ యగును. దానిని ఐమూలగా కోసినచో రెండు కట్లు సిద్ధము. ఉడికించి, ఎండించి, ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుడు. విఱిగిన చేతిని మెడకు వ్రేలాడగట్టుటకు, బద్దలను కాలికి కట్టుటకు దీనికి సాటి వచ్చునది లేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఎస్మార్క్ అను జర్మను శస్త్రవైద్యుడు సైనికుల కొఱకు దీనిని ప్రచారమునకు తెచ్చి, ఎట్లు కట్టవలెనో ఆ గుడ్డమీదనే బొమ్మలు అచ్చు వేయించెను. బద్దలు లేనిచో పాత పత్రికలను దళసరిగ చుట్టి ముంజేతికి కట్టవచ్చును. చదివిన పత్రికలను పాతకాగితములవానికి వేయు అలవాటు గల సోదరీమణులు రెండు సంచికలనైన బండిలో నుంచుకొందురుగాక!

ఇంక మొన లేని కత్తెర, పట్టకారు, చేతితొడుగులు, పిన్నీసులు, టార్చిలైటు, ఈల, పోవిడోన్ అయొడిన్ సీసా, జ్వరపు మాత్రలు. తుమ్మముల్లు దిగినచో పట్టకారు ప్రాణము వంటిది. జిల్లేడుపాలు కంట పడినచో మందు కొఱకు వెదకక మంచినీటితో కనీసము పావుగంట కడుగవలెను, పిదప వైద్యునికి చూపవలెను. అందుచే త్రాగుటకు గాక వేఱుగ ఐదు లీటర్ల నీరు మా బండిలో ఎప్పుడును ఉండును. కోటగోడలకు, కొండచఱియలకు పెద్ద తేనెపట్లు వ్రేలాడుచుండును; వాని క్రింద పొగ పెట్టరాదు, కేకలు వేయరాదు. కుట్టినచో ముల్లును వెంటనే గీకి తీయవలెను. ముఖము వాచి ఊపిరి యాడనిచో అది పెట్టెతో పోవునది గాదు, బండి కదలవలసినదే. బీ.పీ., చక్కెర, ఉబ్బసము గల పెద్దల మందులు వారి వారి పేర్లతో రెండు దినములకు సరిపడ ఉంచవలెను.

వడదెబ్బకు, వాంతులకు ఓ.ఆర్.ఎస్. పొడి పొట్లములు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ పేరు పెద్దగ అచ్చు వేసికొని చక్కెర నిండిన పానీయములు అంగళ్లలో చాలకాలము అమ్ముడుపోయినవి. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏండ్ల తరబడి పోరాడినది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వేయరాదని ఆదేశించినది. పొట్లముపై ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రము అని యున్నదా, లీటరు నీటికి కలుపవలసినది 20.5 గ్రాములా యని చూచి కొనుడు. పొట్లము లేనిచో లీటరు మంచినీటిలో ఆఱు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపవలెను.

పాముకాటు మాట యెత్తనిదే గుట్టల మాట పూర్తి కాదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మన దేశమున ఒక కొన చిన్న కత్తియు, ఒక కొన పర్మాంగనేటు పొడియు గల సాధనమొకటి విరివిగ వాడుకలో నుండెను. కాటును కోసి పొడి రుద్దుమనిరి. ఇప్పుడది తగదని వైద్యులందఱును చెప్పుచున్నారు. కోయరాదు, పీల్చరాదు, గట్టిగ కట్టరాదు. విషము పీల్చు పరికరములని అమ్మువానిని, నల్లరాళ్లను కొనవలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికిని కలిపి మన దేశమున విఱుగుడు మందు తయారగుచున్నది గాని, దానిని ఆసుపత్రిలో నరమున కెక్కింపవలెను. అది యొక్కొక్కరికి పడక ప్రాణము మీదికి వచ్చును గనుక అక్కడ వైద్యుడు దగ్గఱ నుండవలెను. పెట్టెలో పెట్టదగినది గాదు.

గత కార్తీకమున వనభోజనములకు పోయినప్పుడు మాలో చిన్నదానికి పాదముమీద పాము కఱచినది. రాతిసందున గరగరమని చప్పుడు చేసిన చిన్న పింజర. మఱిది తువ్వాల విప్పి, “వదినా, గట్టిగ కట్టాలె, ఇసం పైకి ఎక్కుతది” అని వణకిపోయినాడు. “కట్టద్దు. కాలు కదలనియ్యకుండ్రి. నువ్వు బండి చూడు” అని పెద్దది చెప్పినది. కాలి కిరుప్రక్కల పత్రికలు పెట్టి చీరగుడ్డలతో వదులుగ కట్టితిమి. వాపు మొదలుకాక మునుపే కడియము, మెట్టెలు తీయవలెను. లేనిచో వాచిన వ్రేలికి అవే ఉరియగును. ముత్తైదువ కాలి మెట్టెలు తీయుటకు మా ఇద్దఱికిని చేతులాడలేదు. అత్తగారు వంగి తామే తీసి కొంగున ముడి వేసికొని, “తీసుడు పాడు కాదు బిడ్డా, మల్ల పెట్టుకోవచ్చు. ముందు కాలు దక్కాలె” అన్నారు.

పెట్టెలో మేము ఉంచిన పెన్ను ఆ దినమున పని చేసినంతగ ఏ మందును పనిచేయలేదు. కఱచిన వేళను కాగితముపై వ్రాసితిమి. వాపు ఎక్కడివఱకు వచ్చినదో చర్మముపై గీత గీసి, ప్రతి గీతప్రక్కను గడియారపు వేళ వేసితిమి. గుట్టల నడుమ ఫోను పలుకలేదు. ఒక మిట్ట యెక్కినంతనే 108కి చెప్పితిమి. ఆ సేవ 2005 ఆగస్టులో హైదరాబాదున మొదలైనది. “ఎక్కడున్నారు?” అని వారడుగుదురు, మూతలోపల అంటించిన కాగితముపై దగ్గఱి ఊళ్ల పేర్లుండుటచే తడబడక చెప్పగలిగితిమి. తారురోడ్డు మీద అంబులెన్సు ఎదురైనది. ఆసుపత్రిలో నెత్తురు కొంచెము గాజుగొట్టమున పోసి, కదల్పక ఇరువది నిమిషములు ఉంచి, గడ్డకట్టినదో లేదో చూచిరి. గడ్డకట్టలేదు. విఱుగుడు మందు ఎక్కించిరి. ఆ రాత్రి చీలమండ దాటి మోకాలివఱకు వాచినది; ఆ పాదపు వ్రేళ్లను చూచి వైద్యురాలు మొట్టమొదట అడిగినది మెట్టెలు ఎప్పుడు తీసితిరనియే. నాలుగవ దినమున ఇల్లు చేరినది. మెట్టెలు పెట్టుకొనుటకు మఱి మూడు వారములు పట్టినది.

దారిలో దెబ్బ తగిలిన పరాయివారు కనబడినప్పుడు పోలీసుల భయముతో మఱలిపోవువారు కలరు. 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఏ సెక్షను ప్రకారము సదుద్దేశముతో సాయపడినవారిపై వ్యాజ్యము లేదు; పేరు చెప్పుమని నిర్బంధింపరాదు. ఆ కాగితమును గూడ మేము మూతకు అంటించితిమి, ముఖ్యముగ మగవారు చదువుటకు.

పెట్టె ఎట్టిదై యుండవలెనందురా? రేకుపెట్టె వలదు, బండి యెగిరినప్పుడు అదే దెబ్బ కొట్టును. ఎఱ్ఱని గుడ్డసంచి, లోపల అగపడు చిన్న చిన్న సంచులు, వానిపై తెలుగున పేర్లు. చదువురాని మా అత్తగారి కొఱకు కత్తెర బొమ్మయు, కట్టు బొమ్మయు గీచితిమి. ముందటి అద్దము క్రింద పెట్టరాదు. మూసిన బండిలో ఎండవేళ ఏబది డిగ్రీలు దాటుట కష్టము గాదు, మాత్రలు చెడును, ప్లాస్టరు జిగురు కాఱును. సీటు క్రింద, పిల్లవానికి గూడ అందునట్లు, పట్టీతో బిగించి పెట్టుదుము. బండి దిగి గుట్ట యెక్కునప్పుడు సంచి మనతో రావలెను గాని బండిలో నిద్రింపరాదు.

ఉగాదికొకమాఱు, దసరాకొకమాఱు పెట్టెను చాపమీద క్రుమ్మరించి గడువు తేదీలు చూతుము. ఆ దినమున పిల్లలచేత ఒకరికొకరికి కట్లు కట్టింతుము. మఱిదికి కన్నులు మూసి చేతితో తడవి గాజుగుడ్డ తీయుమని పందెము పెట్టుదుము. మొన్న దసరాకు అతడు మొదట తీసినది పట్టకారు, రెండవమాఱు ఈల. మూడవమాఱు గాజుగుడ్డ తీసినాడు.