తగ్గింది సరే, ఎటు పోయింది?

ఆటోమేటిక్ కారులో గేర్ ఆయిల్ తగ్గితే బండి తన బాధ నడకలోనే చెబుతుంది. లివర్‌ను డి లోకి వేశాక క్షణం తటపటాయించి కదులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ రొద పెరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. కొన్నాళ్లకు కాలిన వాసన, పొద్దున్నే బండి కింద ఎర్రటి మరక. ఇంజిన్ ఆయిల్ కొద్దికొద్దిగా మండిపోవచ్చు గానీ, గేర్ ఆయిల్ వాడకంతో తరిగేది కాదు. మూసి ఉన్న పెట్టెలోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఏ సీలు దగ్గరో, కూలర్ గొట్టం దగ్గరో కారుతున్నట్టే. ఒక లీటరు పోసి పంపేసే మెకానిక్ బండిని బాగుచేసినట్టు కాదు, ఇంకొన్నాళ్లు నడిచేలా చేశాడంతే. యాభై దాటిన మనిషికి రక్తం తక్కువైందని చూసి, ఐరన్ మాత్రలు రాసి పంపేసే వైద్యుడు చేసేదీ ఇదే.

శరీరంలో ఇనుమును బయటికి పంపే ప్రత్యేకమైన దారంటూ లేదు. పాత ఎర్రకణాలు విరిగితే వాటి ఇనుమే కొత్త కణాలకు చేరుతుంది. మగవారికి రోజుకు పోయేది సుమారు 1 మిల్లీగ్రాము, తిండి నుంచి ఒంటబట్టేదీ దాదాపు అంతే. ఒక మిల్లీలీటరు రక్తంలో అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. రోజుకో చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల రక్తం పేగులోకి ఊరితే చాలు, మామూలు తిండి ఆ లోటు పూడ్చలేదు. అయినా మలం రంగు మారదు. నల్లబడాలంటే సుమారు 50 మిల్లీలీటర్లైనా పోవాలి. కారుకైతే నేల మీద మరక కనిపిస్తుంది, మనిషికి అదీ ఉండదు. శరీరం మెల్లగా సర్దుకుపోతుంది కూడా. మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, కాళ్లు సాగవు. వయసు మీద పడిందనుకుంటారు.

‘మన దేశంలో రక్తం తక్కువ కానిదెవరికి?’ అనేవారున్నారు. నిజమే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి, మగవారిలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. కానీ ఆ వయసు ఆడవారికి నెలసరి, కాన్పులు ఉన్నాయి. కారణం చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది. ముట్లుడిగిన స్త్రీకి, మగవాడికి ఆ లెక్క చెల్లదు. శాకాహారం, అన్నం తినగానే తాగే టీ ఇనుమును అడ్డుకుంటాయన్న మాటా నిజమే. అయితే నిల్వలు నిండుగా ఉన్న మనిషిని తిండిలోపం ఒక్కటే ఖాళీ చేయాలంటే ఏళ్లు పడుతుంది. పేగు ఇనుమును పీల్చుకోలేని జబ్బులూ లేకపోలేదు; అవైనా వెతికితేనే తెలుస్తాయి.

‘మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగిందిగా’ అనే వాదన నన్ను అన్నిటికన్నా భయపెడుతుంది. కారేదానికన్నా ఎక్కువ పోస్తే మట్టం పెరక్కేం చేస్తుంది? పైగా ఐరన్ మాత్రలే మలాన్ని నల్లబరుస్తాయి, ఉన్న ఒక్క ఆనవాలూ వాటి చాటునే దాగుతుంది. కారడానికి కారణం మోకాళ్ల నొప్పికి రోజూ మింగే మాత్రల వల్ల కడుపులో పడిన పుండు కావచ్చు, ఉత్తకాళ్లతో పొలం తిరిగినవారికి కొంకి పురుగులు కావచ్చు. పెద్దపేగు కుడివైపు కేన్సరూ కావచ్చు. అక్కడ మలం ఇంకా పల్చగానే ఉంటుంది కాబట్టి అడ్డుపడదు, నొప్పీ రాదు. చాలామందిలో రక్తం తగ్గడమే దాని మొదటి కబురు.

కారే చోటు వెతకడానికి ఖర్చు, లోపలికి వేసే గొట్టమంటే భయం చిన్న అడ్డంకులేం కావు. అందుకే ముందు ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష చూడాలి, ఎందుకంటే ఇనుము నిండుగా ఉన్నా థలసీమియా లక్షణమున్నవారి ఎర్రకణాలు ఇనుము లోపంలో లాగే చిన్నవిగా ఉంటాయి. ఫెరిటిన్ అడుగంటిందని తేలాకే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ మాట. మొలలున్నాయి కదా, రక్తం అక్కడే పోతోందేమో అని రోగి అడుగుతాడు. మొలలు ఎంత మామూలంటే, పైన కేన్సరున్న పేగుకీ కింద అవి ఉండొచ్చు.