శంకరం అనే పేరు

మాది సబ్బవరం. అనకాపల్లి పక్కనున్న శంకరం చిన్నప్పట్నుంచీ తెలిసిన ఊరే. కనుమ రోజు బొజ్జన్నకొండ తీర్థమంటే మా వైపు పిల్లలకి పండగ మీద పండగ. ఊరి పేరు శివుడిదే అనుకునేవాణ్ణి. కాదు, సంఘారామం! బౌద్ధ భిక్షువులు ఉండే చోటు. ఆ మాటే జనం నోట్లో నలిగి నలిగి శంకరం అయింది. బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు. పక్క కొండ మీద రాతిని తొలిచి చేసిన స్తూపాలు వరసగా లింగాల్లా కనిపిస్తాయి కదా, అది లింగాలకొండ అయిపోయింది.

1906-08 మధ్య పురాతత్వవేత్త అలెగ్జాండర్ రీ తవ్విస్తే ఇక్కడ సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. ఎక్కడి గుప్తుల పాటలీపుత్రం, ఎక్కడి మన శంకరం!

నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. బొజ్జన్నకొండ మీది గుహ గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు. లోపల 16 స్తంభాలు, నడుమ అదే కొండరాయిలోంచి చెక్కిన స్తూపం. బయట ఎండ వేడి ఇంకా తగ్గలేదు గానీ, లోపల రాయి మాత్రం కుండలో నీళ్లంత చల్లగా ఉంది. చాలాసేపు కూర్చుండిపోయాను. భిక్షువులు వెళ్లిపోయి ఎన్ని వందల ఏళ్లయిందో! వాళ్లెవరో తెలియకుండానే వాళ్ల పేరు రోజూ పలుకుతున్నాం.

వచ్చే కనుమకి అమ్మని తీసుకెళ్తాను. మెట్లు నెమ్మదిగా ఎక్కిస్తాను.