కార్డు కొలత మన కాయితంలో లేదు, కొనేవాళ్ళ పర్సులో ఉంది

ఈవేళ పంట గురించి కాదు, చిన్న అట్టముక్క గురించి రాస్తున్నాను. నవ్వకండి, ఆ ముక్క వల్ల నాకు ఒక పెళ్ళి బేరం పోయింది.

మా భోగాపురం దగ్గర హైవే పక్కన సీజన్లో మామిడి పెట్టుకుని కూర్చుంటానని మీకు తెలుసు. సువర్ణరేఖ, పనుకులు. విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్ళే కార్లు ఆగుతాయి. కొన్నవాళ్ళు నంబరు అడుగుతారు. ఎన్నాళ్ళని చిత్తుకాయితం మీద రాసిస్తాం? కిందటేడు మా అమ్మాయి చేత కంప్యూటర్లో కొట్టించి, జెరాక్సు షాపులో మందం కాయితం మీద ప్రింటు తీయించాను. ఏ-4 కాయితాన్ని మూడు మడతలు పెడితే 8 ముక్కలు. ఒక్క పీలిక కూడా వృథా లేదు. భలే తెలివి అనుకున్నాను.

ఈ ఏడు ఒకాయన అదే చోట కారు ఆపారు. "మీ కార్డు పర్సులో పట్టలేదండి. కారులో పెట్టాను, ఎటు పోయిందో. పోయిన నెల అమ్మాయి పెళ్ళికి నాలుగు వందల పళ్ళు కావలసొచ్చి, నంబరు దొరక్క బయట కొన్నాం" అన్నారు. సరిగ్గా ఆ వారంలోనే నా కాయ వ్యాపారి చెప్పిన రేటుకి పోయింది. ఇంక ఏటి సేస్తాం?

ఆ రాత్రే స్కేలు పట్టుకున్నాను. నా ముక్క 105 మిల్లీమీటర్ల పొడవు, 74 వెడల్పు. ఏటీఎం కార్డు కొలిస్తే సుమారు 86, 54. ఏ దేశంలోనైనా బ్యాంకు కార్డుకి ఇదే కొలత. పర్సులో అరలు కుట్టేది దానికే. ప్రెస్సుల్లో కొట్టే విజిటింగ్ కార్డు మామూలుగా మూడున్నర ఇంచీల పొడవు, 2 ఇంచీల వెడల్పు. చేత్తో కోస్తే గీత కాస్త తప్పుతుంది కాబట్టి నేను 85, 52 పెట్టుకున్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. ఏ-4 కాయితం 210 వెడల్పు, 297 పొడవు. అడ్డంగా 2 కార్డులకి 170. నిలువునా 5 వరసలకి 260. మొత్తం 10. అంచుల్లో పీలికలు పోయినా 8 కాస్తా 10 అయ్యాయి! కార్డుల్ని నిలువుగా తిప్పితే 12 కూడా పడతాయి గానీ, పక్కల ఒక్కో మిల్లీమీటరే మిగులుతుంది. మెషీన్లో కాయితం జరిగిందంటే అక్షరం తెగుతుంది. గట్టు కూడా దున్నేసుకుంటే ఏటవుతుందో మనకి తెలీదా? ఆశకి పోలేదు.

కార్డు లోపల కూడా నాలుగు పక్కలా 5 మిల్లీమీటర్లు వదిలాను. రాతకి మిగిలింది 75, 42. పాత కార్డులో ఉన్న దేవుడి బొమ్మ, మా తాత పేరు, పది పంటలు ఇందులో పట్టవు. తీసేయడానికి మనసొప్పలేదు గానీ తీసేశాను. నా పేరు, ఊరు, మామిడి, కొబ్బరి, కాయ దొరికే నెలలు ఉంచాను. ఫోన్ నంబరు అన్నిటికన్నా పెద్దగా. వత్తులు కింద వరసకి తగలకుండా జాగా ఇచ్చాం.

మీరూ చేసుకుంటే, ప్రింటుకి ఇచ్చే ముందు తెల్లకాయితం మీద ఒకటి కోయండి. మీ పర్సులో కాదు, పక్కింటాయన పర్సులో పెట్టి చూడండి. అక్కడ పడితే మన నంబరు ఆయనతో ఇంటికెళ్తుంది.

పెళ్ళి వారి నంబరు ఆ రోజే తీసుకున్నాను లెండి. వాళ్ళకి రెండో అమ్మాయి ఉందట.