పిల్లలమర్రిని పలకరించి వద్దాం!

పుష్యమాసం చలి. పొద్దున ఆరింటికి దేవరకొండలో కారెక్కేసరికి ఖిల్లా గుట్టలు మంచులో సగమే కనిపిస్తున్నాయి. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట ఇది. అన్న అనపోతనాయకుడిది రాచకొండ, తమ్ముడు మాదానాయకుడిది దేవరకొండ. ఆ గుట్టల మీది సీతాఫలం చెట్లకు కాయల కాలం అయిపోయి ఆకులు పసుపెక్కాయి.

ఈ ప్రయాణం అమ్మ కోరింది. ‘ఒక్కపాలి పిల్లలమర్రి చూసొద్దాం బిడ్డా’ అంది. పెళ్లైన కొత్తలో నాయనతో వెళ్లిందట. నాయన పోయి మూడేళ్లు. మోకాళ్ల నొప్పులతో గడప దాటడమే తగ్గించిన మనిషి అడిగితే కాదంటామా?

డిండి దగ్గర ఆగి చాయ్ తాగాం. నిజాం కాలంలో కట్టిన జలాశయం మీద అప్పుడే ఎండ పడుతోంది. అక్కడి నుంచి కల్వకుర్తి మీదుగా జడ్చర్ల. దారి పొడవునా పల్లి చేలు, ఎర్ర నేలలు, మధ్యమధ్య బోడగుట్టలు.

జడ్చర్లలో చాలామంది ఆగకుండా వెళ్లిపోయే చోటు ఒకటుంది. డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలోని తెలంగాణ బొటానికల్ గార్డెన్. హైదరాబాద్ రాష్ట్రానికి 1952 నుంచి 1956 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల ఈ జిల్లా బిడ్డే. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులు, విద్యార్థులు కలిసి పెంచుతున్న తోట ఇది. మా అబ్బాయి మొక్కల శాస్త్రీయ నామాలు కూడబలుక్కుంటుంటే, అమ్మ మాత్రం ఆకు చూసి పేరు, నలిపి వాసన చూసి మందు చెప్పేస్తోంది. బడికి పోని మనిషి ముందు వాడు నోరు తెరిచాడు.

మధ్యాహ్నానికి మహబూబ్‌నగర్ శివార్లలోని పిల్లలమర్రి చేరాం. వయసు సుమారు 700 ఏళ్లు. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఒకే చెట్టు! మర్రి ఊడలు దిగి నేలను తాకితే వేరు పట్టి మానులవుతాయి. అందుకే అసలు మొదలేదో ఎవరూ చెప్పలేరు.

ఇంతటి వృక్షానికీ కష్టం వచ్చింది. చెదలు తొలిచేయడంతో 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. చివరికి 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టే, సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువుకు వంగిన కొమ్మలకు స్తంభాలు ఆసరా పెట్టారు. చెట్టు కోలుకుంది.

మా చిన్నప్పటిలా ఊడలు పట్టుకుని ఊగడం ఇప్పుడు కుదరదు. దూరం నుంచే చూడాలి. అమ్మ చాలాసేపు ఒకవైపే చూస్తూ నిలబడింది. ‘ఆ దిక్కునే మీ నాయన మేకుతోని ఇద్దరి పేర్లు చెక్కిండు’ అంది మెల్లగా.

‘నానమ్మా, ఏదీ? నాకు కనపడ్తలేదు’ అన్నాడు మావాడు.

‘కనపడకుంటేనే మంచిది బిడ్డా. మేం చెక్కిన కాన్నుంచే చెద వట్టిందో ఏమో. పాపం, నొచ్చుంటది’ అంటూ చెట్టుకు దండం పెట్టింది.

పక్కనే పురావస్తు మ్యూజియం, శ్రీశైలం ముంపు ప్రాంతం నుంచి తరలించి తిరిగి కట్టిన రాజరాజేశ్వర ఆలయం చూసుకుని, చెట్టు కనిపించే చోట కూర్చుని జొన్నరొట్టెలు తిన్నాం. తిరుగు దారిలో అమ్మ మోకాళ్ల ఊసే ఎత్తలేదు.

దేవరకొండ నుంచి పోనూరానూ ఒక్క రోజు చాలు. తోట కళాశాలలో ఉంది కాబట్టి పనిరోజైతే మేలు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. పేర్లు చెక్కే మేకును మాత్రం ఇంట్లోనే వదిలేయండి!