ఆరింటికి తెరిచే రోడ్డు

కోయంబత్తూరులో వ్యాను ఎక్కితే ఒక్క చుట్టులో రెండు జాతీయవనాలు, దిగేటప్పుడు ఇంకో పులుల అడవి కూడా చూసి ఇల్లు చేరొచ్చు. ఇంత దగ్గరున్నా మా మిల్లు లైన్లో చాలామందికి నీలగిరులంటే ఊటీ పూలతోట, బోటు, వర్కీ పొట్లం. అంతే. ఊటీ దాటి గూడలూరు వైపు దిగితే ముదుమలై అడవి, దాన్ని ఆనుకునే కర్ణాటక బందీపూర్ అని చెబితే, "అవన్నీ కార్లున్నోళ్ల సంగతులమ్మా" అంటారు. మేం నాలుగిళ్లవాళ్లం కలిసి, ఇంటికి నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు వేసుకున్నాం. పద్నాలుగు మందిమి. శని, ఆదివారాలు రెండే రోజులు. సోమవారం ఏడింటి షిఫ్టుకి మగవాళ్లు గేటు దగ్గరుండాలి. అందుకే నాగరహొళె కూడా చూద్దామన్న మాట మొదట్లోనే కొట్టేశాం.

ఈ ప్రయాణం అసలు మా మామయ్య కోసం. నలభై ఏళ్లు స్పిన్నింగులో చేశాడు, సగం ఫుల్ నైటే. గుడి దగ్గర గొలుసేసిన ఏనుగు తప్ప ఇంకో ఏనుగుని ఎరగడు. "గొలుసు లేనిదాన్ని ఒకసారి చూడాలమ్మా" అన్నాడు. మోకాళ్లు ఇంకో ఏడాది సహకరిస్తాయో లేదో.

పిల్లల గొడవ వేరు. వాళ్లకి టెంటు కావాలి. మా మరిది ఎక్కడో సినిమాలో చూసి నిజంగానే ఒకటి కొనుక్కొచ్చాడు. అడవిలో వేసుకుని, మంట పెట్టుకుని, చుట్టూ కూచుంటారట! అడవి ఆఫీసులో అడిగితే తేలింది. పులుల అడవిలో మన ఇష్టానికి గుడారం వేయడానికి లేదు. నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. 2019 ఫిబ్రవరిలో బందీపూర్ ఎంత కాలిందో పేపర్లలో చూశాం కదా. మసినగుడి పక్కన ఊళ్లలో "టెంటు స్టే" అని పిలిచేవాళ్లుంటారు. కానీ ఆ చుట్టుపక్కలంతా ఏనుగులు ఒక కొండ నుంచి ఇంకో కొండకి నడిచే దారి. ఆ దారిలో కట్టిన రిసార్టులు తీసేయాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆ మరుసటి జనవరిలోనే మసినగుడిలో ఒక లాడ్జి దగ్గర ఏనుగు మీదకి మంట విసిరారు, అది కాలిన గాయాలతో చచ్చిపోయింది. ఇది విన్నాక మామయ్య ఒకటే అన్నాడు: "వాటి ఇంటి గుమ్మంలో పడుకుంటామా?" టెంటు అటక ఎక్కింది. తెప్పక్కాడులో అడవిశాఖవాళ్ల డార్మిటరీ ఉంది, ముందే రాసుకుంటే మనలాంటి గుంపుకి అదే మేలు.

వెళ్లదలచినవాళ్లు కొన్ని ముందే చూసుకోవాలి. 2024 మే నుంచి బయటి బండ్లకి నీలగిరుల్లో ఈ-పాస్ ఉండాలి. ఫోన్లోనే తీసుకోవచ్చు. నీళ్ల ప్లాస్టిక్ సీసాలు పనికిరావు, చెక్‌పోస్టులో దింపించేస్తారు. మేం మూతున్న స్టీలు బిందెలు రెండు పెట్టుకున్నాం. ఊటీ నుంచి మసినగుడికి కల్హట్టి మీదుగా దగ్గరదారి ఉంది గానీ, ముప్పై ఆరు మలుపుల ఆ దిగుడులో బయటి బండ్లని వదలరు, గూడలూరు చుట్టే తిరగాలి. కర్ణాటక పర్మిట్ డబ్బు ఎవరిదో వ్యాను ఆయనతో బయల్దేరకముందే తేల్చుకోండి. మధ్యలో తేల్చుకుంటే మాట పెరుగుతుంది.

శనివారం తెల్లారి ఐదింటికి బయల్దేరి మధ్యాహ్నానికి తెప్పక్కాడు చేరాం. పక్కనే మోయారు ఏరు. తెచ్చుకున్న పులిహోర గదిలోనే తిన్నాం. బయట కోతులు చేతిలో పొట్లం ఉండనివ్వవు. సాయంత్రం ఏనుగుల శిబిరంలో రాగి సంకటి, ఉలవలు, అన్నం, బెల్లం కలిపి పెద్ద పెద్ద ముద్దలు చేసి పెడతారు. 2023లో ఆస్కారు తెచ్చుకున్న ఏనుగుపిల్ల సినిమాలోని బొమ్మన్, బెళ్లి ఈ శిబిరంవాళ్లే. పిల్లలు గంతులేశారు. మామయ్య మాత్రం కాళ్ల వైపే చూశాడు. అక్కడా గొలుసే.

రాత్రి తొమ్మిదికి గేటు వేసేశారు. పొద్దున ఆరింటిదాకా ఆ రోడ్డు మీద బండి నడవదు. బందీపూర్‌లోనూ అంతే. లారీల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. మిల్లు లైన్లో పుట్టి పెరిగిన మాకు మోత లేని రాత్రంటే ఏమిటో తెలీదు. పిల్లలకి నిద్ర పట్టలేదు. జింకలు కూస్తుంటే లేచి కూచున్నారు. మామయ్య పాత అలవాటుకి పన్నెండింటికే మెలకువొచ్చి కిటికీ దగ్గర కూచున్నాడు. "ఇప్పుడు వాటి ఫుల్ నైట్ షిఫ్టు" అన్నాడు. తెల్లారేదాకా ఏమీ కనబడలేదు.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాం. బందీపూర్ రోడ్డు మీద బండి ఆపకూడదు, దిగకూడదు, ఆపితే జరిమానా. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. రోడ్డుకి నాలుగు బారల దూరంలో తల్లి ఏనుగు, దాని కాళ్ల మధ్య పిల్ల. తల్లి గడ్డి పీకి, మట్టి దులుపుకుని తింటోంది. డ్రైవరు వేగం తగ్గించాడు, ఆపలేదు. మేమూ అడగలేదు. అర నిమిషం ఉంటుందేమో. మామయ్య తల వెనక్కి తిప్పి, మలుపు వచ్చేదాకా అద్దానికి మొహం ఆనించే ఉన్నాడు.

గుండ్లుపేటలో ఇడ్లీ, అక్కణ్ణించి చామరాజనగర్ మీదుగా దింబం ఘాటు. ఇరవై ఏడు మలుపులు. ఇద్దరు పిల్లలకి వాంతులు, నిమ్మకాయలు బాగా పనికొచ్చాయి. ఇది సత్యమంగళం పులుల అడవి, ఇక్కడా రాత్రి నిషేధం ఉంది కాబట్టి పగలే దిగిపోవాలి. బన్నారి అమ్మవారిని చూసుకుని, ఎనిమిదికల్లా ఇంట్లో ఉన్నాం.

టెంటు ఇప్పుడు మా మేడ మీద ఉంది, సాయంత్రాలు పిల్లలు అందులోనే చదువుకుంటున్నారు. నాగరహొళె కోసం కొత్త చీటీ పొంగలి నుంచి మొదలుపెడుతున్నాం. వ్యానులో మూడు సీట్లు మిగులుతాయి.